అరచేతికి మాత్రమే వినిపించిన పాట

దయ్యాలను చూశామని చెప్పేవాళ్లంటే నాకు మొదటి నుంచీ చిరాకు. సూరత్‌లో మా ఉధ్నా గల్లీలో అలాంటివాళ్లకు కొదవ లేదు. మూతపడ్డ మిల్లులో ఎవరో ఏడుస్తున్నారని ఒకరంటే, రైలు పట్టాల పక్కన తెల్లచీర నిలబడి ఉందని ఇంకొకరు. ఏ టెంపో మీంచో జారిపడ్డ బట్ట తాను గాలికి విప్పుకొని ఉంటుంది, పోయి చూసుకోండి అనేదాన్ని. నా నోటికి జడిసి నా ముందు ఆ కబుర్లు మానేశారు.

నా ఉద్యోగం కూడా అలాంటిదే. చీరలు మడతపెట్టి ప్యాక్ చేసే చోట నేను చెకింగ్ చేస్తాను. కింద లైటు వెలిగే గాజు బల్ల మీద బట్టను లాగుతూ ఎక్కడ నూలు తప్పిందో, ఎక్కడ నూనె మరక పడిందో పట్టుకోవాలి. తప్పు కంటికి కనబడితే ఉన్నట్టు, కనబడకపోతే లేనట్టు. మనుషుల మాటలను కూడా నేను అలాగే చూసేదాన్ని.

ఇప్పుడు చెప్పబోయేది ఆ గాజు బల్ల మీద తేలేది కాదు. అందుకే ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. చెబితే నన్నూ ఆ తెల్లచీరవాళ్లలో కలిపేస్తారని సిగ్గు.

మాది పద్మశాలి కుటుంబం. మా పెద్దలు తెలంగాణ నుంచి సూరత్ వచ్చి పవర్‌లూమ్ కార్ఖానాల్లో కుదురుకున్నారు. నేను సూరత్‌లోనే ఉన్ అనే పేటలో పుట్టి పెరిగాను, పెళ్లయ్యాక ఉధ్నాకు వచ్చాను. కింద మగ్గాల కార్ఖానా, పైన మేము అద్దెకుండే ఇల్లు. ఇంట్లో మా ఆయన నరేష్, మా మామ లింగయ్య, నేను. మా అత్త రాజమణి నేను కాపురానికి రాకముందే పోయింది.

మామ ఆ కింది కార్ఖానాలోనే మగ్గాలు నడుపుతాడు. చిన్నప్పటి నుంచీ మగ్గాల మధ్యే బతకడంతో ఆ మోతకు చెవులు రెండూ పోయాయి. పక్కన పటాకులు పేల్చినా తల తిప్పడు.

మగ్గాలవాళ్లకు రెండు అలవాట్లుంటాయి. ఆ మోతలో గొంతు చించుకున్నా లాభం లేదు కాబట్టి గొంతే వాడరు. పెదవులు కదిపి, చేత్తో సైగ చేసి మాట్లాడుకుంటారు. ఇక మగ్గానికి ఏదైనా తేడా చేస్తే దాని మీద అరచేయి ఆనించి కనిపెడతారు. మా మామ ఎంత దూరం నుంచైనా పెదవులు చదివేవాడు. మా ఇంట్లో మాటలన్నీ అలాగే నడిచేవి. కొత్తగా వచ్చినప్పుడు తండ్రీ కొడుకులు కంచాల ముందు కూర్చొని చప్పుడు లేకుండా నోళ్లు మెదుపుతూ నవ్వుకుంటుంటే, నా వంట గురించే అనుకొని నేను మూతి ముడుచుకున్న రోజులున్నాయి.

నరేష్ మగ్గాల పనిలోకి పోలేదు. గుజరాతీ మీడియంలో చదువుకొని, చీరల మీద ఎంబ్రాయిడరీకి కంప్యూటర్‌లో డిజైన్లు చేసేవాడు. ఆయనకు అసలు పిచ్చి పాటలు. ఇంటి చివరి గదిలో ఒక మైకు, రెండు చిన్న స్పీకర్లు, పాటలు రికార్డు చేసే సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నాడు. మా వాళ్ల పెళ్లిళ్లకు, పండుగలకు తనే పాట కట్టి, తనే పాడి, ఫోన్లలో పంపేవాడు. కింద మగ్గాలు నడుస్తుంటే మైకు ముందు నోరు తెరిచే వీలుండదు. కార్ఖానా ఆగే సెలవు రోజు కోసం వారమంతా కాచుకొని ఉండేవాడు.

పాట పూర్తవగానే మామను పిలిచేవాడు. మామ వచ్చి స్పీకర్ మీద అరచేయి పెట్టి, కళ్లు మూసుకొని నిలబడేవాడు. "ఎట్లుంది బాపు?" అని నరేష్ పెదవులు కదిపితే, "నూలు తెగలే" అనేవాడు. మగ్గం సాఫీగా నడుస్తోందనడానికి వాళ్లు అనే మాట అది. అప్పుడప్పుడు మొహం చిట్లించి, "యాడనో ఒకతాన తెగింది బిడ్డా" అనేవాడు. నరేష్ మళ్లీ విని చూసుకుంటే నిజంగానే ఎక్కడో తాళం తప్పి ఉండేది. ఇందులో నాకు వింతేమీ కనిపించలేదు. దడ చేతికి తెలుస్తుంది, అంతే కదా.

కరోనా వచ్చింది. అందరి మూతులకూ మాస్కులు వచ్చాయి. మిగతావాళ్లకు అది ఊపిరాడని గుడ్డ ముక్క. మామకు మాత్రం లోకమంతా ఒక్కసారిగా మూగబోయింది. పెదవులు కనిపించవు, ఇంకేం చదువుతాడు. చాయ్ బండి దగ్గరికి పోవడం మానేశాడు. "మందంత మూతులు కట్టుకున్నరు, నాతోని ఎవ్వడు మాట్లాడ్తలేడు" అని చిన్నపిల్లాడిలా అలిగి కూర్చునేవాడు. ఇంట్లో మాస్కు లేకుండా మాట్లాడేది మేమిద్దరమే.

రెండో వేవ్ వచ్చేసరికి నేను కడుపుతో ఉన్నాను. మార్కెట్లు మూసేశారు. కింద కార్ఖానా కూడా ఆగింది. మగ్గాల మీద పనిచేసే ఒడియావాళ్లంతా సొంతూళ్లకు పోయారు. సేటు తాళంచెవి మామ చేతిలో పెట్టి, మగ్గాలకు తుప్పు పట్టకుండా చూసుకోమన్నాడు. మామ పగలూ రాత్రీ కిందే ఉండేవాడు. అప్పుడే నరేష్‌కు జ్వరం వచ్చింది.

టెస్టులో పాజిటివ్ అని తేలగానే ఆయన ఆ చివరి గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు. కడుపుతో ఉన్నదానివి, తలుపు దగ్గరికి కూడా రావొద్దని నాకు ఒట్టు పెట్టాడు. నేను గడప ముందు కంచం పెట్టి దూరం జరిగాక తీసుకునేవాడు. ఒక మధ్యాహ్నం లోపలి నుంచి పిలిచాడు.

"సుజా, పాపకు పేరు దొరికింది."

పుట్టేది ఆడపిల్లేనని ఆయనకు ఎందుకో గట్టి నమ్మకం.

"ఏంది, చెప్పు."

"ఇప్పుడే చెప్ప. పాటల పెట్టిన. పాప పుట్టినంక పాటతోనే వినాలె మీరందరు."

"ముందుగాల నువ్వు మంచిగయి బయటికి రా. పాట ఎటు పోతది."

ఆ మాట ఎందుకన్నానా అని ఇప్పటికీ అనుకుంటాను.

భోజనాలయ్యాక ఆయన రాగం తీస్తున్నట్టు వినిపించేది. కింద మగ్గాలు లేవు, రోడ్డు మీద ఆటోలు లేవు, ఉధ్నా అంత నిశ్శబ్దంగా ఉండడం నేనెప్పుడూ చూడలేదు. ఆయన ఒట్టు పక్కనపెట్టి, చప్పుడు కాకుండా పోయి, ఆ తలుపుకు వీపు ఆనించి కింద కూర్చునేదాన్ని. కాళ్లు వాచి ఉండేవి. పాటలో మాటలు ఉండేవి కావు, ఉత్త రాగమే. మెల్లగా పైకి ఎక్కి, చివర్లో ఊయల వెనక్కి వచ్చినట్టు దిగేది. అలాగే నిద్రపోయేదాన్ని. ఆయన లేచిన అలికిడి కాగానే మెలకువ వచ్చి వంటింట్లోకి పోయేదాన్ని. తెలిస్తే తిడతాడని ఆయనకు చెప్పలేదు. కింద ఉన్న మామకు చెప్పేంత సంగతీ కాదది.

తర్వాత ఊపిరి అందలేదు. ఆస్పత్రికి తీసుకెళ్లారు. మమ్మల్ని లోపలికి పోనివ్వలేదు.

ఒకే ఒక్కసారి వీడియో కాల్ వచ్చింది. పక్క మంచం మనిషెవరో ఫోన్ పట్టుకున్నట్టున్నాడు, అతని వేళ్లు అద్దం అంచున కనిపిస్తున్నాయి. నరేష్ మొహం మీద ఆక్సిజన్ మాస్కు ఉంది. నాతో కళ్లతోనే మాట్లాడాడు. తర్వాత మామ వైపు చూసి ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. మాస్కు కింద గడ్డం కదులుతోంది గానీ పెదవులు కనిపించడం లేదు. మామ ఫోన్‌ను కళ్ల దగ్గరికి లాక్కొని, "తియ్యి బిడ్డా, జర గా మాస్కు తియ్యి, ఏమంటున్నవో కనవడ్తలేదు" అని అరిచాడు. నేనేమో నాకు వినబడితే మామకు చెబుదామని చెవి పెట్టాను. ఆక్సిజన్ బుసబుస తప్ప ఏమీ వినిపించలేదు. చివరికి నరేష్ అరచేయి ఎత్తి చూపించాడు. మామ తన అరచేయి ఫోన్ అద్దం మీద పెట్టాడు. దానితో కాల్ కట్ అయిపోయింది.

ఆ తర్వాత వచ్చింది ఆస్పత్రివాళ్ల ఫోనే. ఇంటికి తీసుకురానివ్వలేదు. మొహం కూడా సరిగ్గా చూడలేదు నేను. ఇంతకంటే దాని గురించి రాయలేను.

వానల్లో పాప పుట్టింది. ఆయన అన్నట్టే ఆడపిల్ల. మా వాళ్లలో ఇరవై ఒకటో రోజు బిడ్డను తొట్టెలలో వేసి, చెవిలో పేరు చెబుతారు. చెప్పవలసింది మేనత్త. నరేష్‌కు తోబుట్టువులు లేరు కాబట్టి మామే చెప్పాలని అనుకున్నాం. మామ మనసులో ఒక్కటే పేరు, పోయిన మా అత్త పేరు.

"రాజమణి అని వెడ్దాం. రాజి, రాజి అని పిలుసుకుంట. ఇంట్ల మల్ల ఆ పేరు వినవడ్తది" అన్నాడు. ఆ చెవులతో ఏం వింటాడో గానీ, అలా అన్నాడు.

నేను ఒప్పుకోలేదు. నరేష్ పెట్టిన పేరు ఒకటుంది, అది ఆ కంప్యూటర్‌లో ఉంది. ఆయన బిడ్డకు ఇచ్చింది ఆ ఒక్కటే. అది తెలుసుకోకుండా ఇంకో పేరు ఎలా పెడతాను.

అప్పటివరకు ఆ గది తలుపు తీయడానికి నాకు చేతులు రాలేదు. ఒక ఉదయం పాపను పడుకోబెట్టి, గది తీసి, కంప్యూటర్ పెట్టాను. సాఫ్ట్‌వేర్ తెరిస్తే ఆయన పాటలన్నీ వరుసగా ఉన్నాయి. అన్నిటికన్నా కిందిది 'పాప'.

ప్లే నొక్కాను. తెర మీద గొంతు అలలు కొండల్లా కనిపిస్తున్నాయి. గీత వాటి మీదుగా పోతోంది. పక్కన పచ్చటి మీటరు ఎగిరెగిరి పడుతోంది. చప్పుడు మాత్రం లేదు.

నేను తప్పులు పట్టేదాన్ని కదా, కొంగు బిగించి కూర్చున్నాను. స్పీకర్ల వైర్లు పీకి మళ్లీ పెట్టాను. వాల్యూమ్ చూశాను. ఫోన్‌లో వీడియోలు పెట్టుకొని వాళ్లు చెప్పినవన్నీ ఒక్కొక్కటిగా చేశాను. మ్యూట్ బటన్ నొక్కి ఉందేమో చూశాను, లేదు. ఇంకో ట్రాక్ మీద సోలో నొక్కి ఉంటే మిగతావన్నీ మూగబోతాయట, అదీ లేదు. వేరే పాటలు పెట్టి చూశాను. అవి కూడా పలకడం లేదు. అయితే తప్పు పాటలో లేదు, దారిలో ఎక్కడో ఉందని కొంచెం ధైర్యం వచ్చింది.

చివరికి సెట్టింగుల్లో దొరికింది. చప్పుడు ఎటు పంపాలో చెప్పే చోట స్పీకర్లకు బదులు నరేష్ బ్లూటూత్ హెడ్‌ఫోన్ల పేరు ఉంది. ఆ హెడ్‌ఫోన్లు ఆయనతో పాటు ఆస్పత్రికి పోయాయి, తిరిగి రాలేదు. నేను ప్లే నొక్కినప్పుడల్లా ఈ కంప్యూటర్ పాటను ఆయన చెవులకే పంపుతోందన్నమాట. కాసేపు ఆ పేరు మీంచి చూపు తిప్పుకోలేకపోయాను. దాన్ని స్పీకర్లకు మార్చడం కూడా ఆయనకు ఏదో అన్యాయం చేసినట్టే అనిపించింది.

మార్చాను. ఒక పాత పెళ్లిపాట మీద నొక్కితే ఆయన గొంతు గదంతా నిండిపోయింది. నవ్వుతూ పాడుతున్నాడు. పాప ఉలిక్కిపడి లేచింది. ఇద్దరం కలిసి ఏడ్చాం.

తర్వాత 'పాప' నొక్కాను. మళ్లీ అదే నిశ్శబ్దం. మిగతావన్నీ పలుకుతున్నాయి, ఆ ఒక్కటి పలకడం లేదు. అలలు అలాగే ఉన్నాయి, మీటరు అలాగే ఎగురుతోంది.

నరేష్ దోస్తు జిగ్నేష్‌కు స్టేషన్ దగ్గర కంప్యూటర్లు రిపేరు చేసే షాపుంది. ఆ స్పీకర్లు కొనిపెట్టింది కూడా అతనే. పిలిస్తే వచ్చి సగం రోజు కూర్చున్నాడు. డ్రైవర్ తీసేసి కొత్తగా వేశాడు. పాటను విడి ఫైలుగా చేసి తన ఫోన్‌లో విన్నాడు, షాపుకు తీసుకెళ్లి అక్కడా విన్నాడు. "భాభీ, మెషీన్‌లో ఏ ఖరాబీ లేదు. సౌండ్ ఉంది అని తెర చెప్తోంది, కానీ లేదు" అన్నాడు హిందీలో. తొట్టెల రోజు ఇంకో వైరు, మంచి హెడ్‌ఫోన్లు తెచ్చి ఆఖరిసారి చూస్తానన్నాడు.

తొట్టెల వేడుక కార్ఖానా సెలవు రోజున పడింది. ఆ పాటికి మగ్గాలు మళ్లీ మొదలయ్యాయి గానీ ఆ రోజు మాత్రం అన్నీ ఆగి ఉన్నాయి. కరోనా భయం వల్ల ఎవరినీ పిలవలేదు. ఉన్ నుంచి మా అమ్మ వచ్చింది. జిగ్నేష్ చెప్పినట్టే వచ్చాడు. పట్టపగలు, కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. ఇది ఎందుకు చెబుతున్నానంటే, చీకటి, గాలివాన లాంటివేవీ ఆ రోజు లేవు. వంటింట్లో పాయసం ఉడుకుతోంది.

జిగ్నేష్ హెడ్‌ఫోన్లు పెట్టుకొని తల అడ్డంగా ఊపాడు. వాటిని తీసేసి స్పీకర్లకు కలిపి మళ్లీ నొక్కాడు. ఏమీ లేదు. అప్పుడే మామ తెల్లధోవతి కట్టుకొని, తొట్టెల దగ్గరికి పిలుస్తామేమోనని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. తెర మీద గీత కదలడం చూశాడు.

"ఏంది, పాట నడుస్తుందా?" అని లోపలికి వచ్చి, ఎప్పటి అలవాటు కొద్దీ స్పీకర్ మీద అరచేయి పెట్టాడు.

నేను వద్దని చెప్పబోయాను. మామా, అందులో ఏమీ లేదు అందామనుకున్నాను. కానీ ఆయన కళ్లు మూసుకున్నాడు. నా పెదవులు చూడలేదు.

మొదట ఊరికే నిలబడ్డాడు. తర్వాత తల కొంచెం పక్కకు వాల్చాడు, ఎవరో భుజం దగ్గర నిలబడి మాట్లాడుతుంటే వంగినట్టు. కాసేపటికి ఆయన పెదవులు కదలడం మొదలుపెట్టాయి. చప్పుడు లేదు. నరేష్‌తో అన్నాల దగ్గర ఎలా మాట్లాడేవాడో అలా. మధ్యలో ఆగుతున్నాడు, వింటున్నాడు, మళ్లీ ఏదో అంటున్నాడు. బుగ్గల మీదుగా నీళ్లు కారిపోతున్నాయి. ఆ పెదవులను చదవాలని నేను ఎంత చూసినా, తల వాలి ఉండడం వల్ల నాకు అందలేదు.

పాట అయిపోయింది. "మల్ల వెట్టు" అన్నాడు. జిగ్నేష్ నా వైపు చూసి, మళ్లీ పెట్టాడు. ఈసారి మామ మొహం చిట్లించాడు, పలకడానికి రాని మాట ఏదో నాలుకకు అడ్డం పడ్డట్టు.

"హేత్... హేత్వి. హేత్వి అంటుండు" అన్నాడు. నా వైపు తిరిగి, "గిదేం పేరు బిడ్డా? ఎన్నడు వినలే" అన్నాడు.

జిగ్నేష్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. హేత్ అంటే గుజరాతీలో ప్రేమ అని, హేత్వి తమ ఇళ్లలో ఆడపిల్లలకు పెట్టే పేరని చెప్పాడు. తెలుగు, మగ్గం మీద నేర్చిన కాస్త హిందీ తప్ప మామకు ఇంకో భాష రాదు.

"రాజమణి అనుకున్నం గద మామా" అని నేను పెదవులు కదిపాను.

"వాడు చెప్పినంక ఇంకేముంది" అన్నాడు.

అంత ఆశపడ్డ తన భార్య పేరును అక్కడే వదిలేశాడు. తొట్టెల దగ్గరికి పోయి, వంగి, పాప చెవిలో మూడుసార్లు ఆ పేరు చెప్పాడు. చెవిటి మనిషికి గుసగుస ఎంత మెల్లగా ఉండాలో ఏం తెలుసు, గల్లీ చివరిదాకా వినిపించి ఉంటుంది. మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

నేను మామ చేయి పట్టుకొని, "ఇంకేమన్నడు?" అని అడిగాను.

"అది నాకే జెప్పిండు" అని చేయి విడిపించుకొని, మెట్లు దిగి కార్ఖానాలోకి పోయాడు.

ఆ రోజు నేనూ జిగ్నేష్ కూడా స్పీకర్ మీద చేతులు పెట్టి చూశాం. చల్లటి ప్లాస్టిక్, అంతే.

నిజం చెప్పాలంటే నాకు మొదట కోపం వచ్చింది. నరేష్ ఎప్పుడో తండ్రికి చెప్పి ఉంటాడు, ఈయన ఇప్పుడు గుర్తు చేసుకున్నాడు అనుకున్నాను. అడిగితే, ముందెప్పుడూ చెప్పలేదని మామ పాప మీద చేయి పెట్టి ఒట్టేశాడు. వీడియో కాల్ అప్పుడేమో పెదవులు కనిపించలేదు, ఫోన్ పక్కన నేనే ఉన్నాను. గల్లీలో ఎవరైనా ఆ పేరు పిలిస్తే విన్నాడందామా, ఆయనకు చెవులే లేవు. పైగా తన ఇష్టాన్ని తనే కాదనుకొని, నోరు తిరగని పేరు ఎవరైనా ఎందుకు కల్పిస్తారు.

జిగ్నేష్ కూడా ఊరుకోలేదు. తర్వాతి వారం ఒక కారణం పట్టుకొని వచ్చాడు. చెవికి అందనంత లోతైన మోతలు కొన్ని ఉంటాయట. అవి తెర మీద అలల్లా కనిపిస్తాయి గానీ మనిషికి వినిపించవు. ఆ ఫైలును వేగం పెంచి వినిపించాడు. ఢకఢక, ఢకఢక. మగ్గం మోత. కింది మగ్గాల దడ నేల గుండా మైకులోకి ఎక్కి ఉంటుంది, అదే మీ మామ చేతికి తగిలి ఉంటుంది అన్నాడు. నా గుండె మీది బరువు కొంచెం దిగింది.

కానీ ఆ కారణం సాయంత్రం దాకా కూడా నిలవలేదు. నరేష్ రికార్డు చేసిన ఆ రోజుల్లో మగ్గాలు ఒక్కటీ నడవలేదు. తాళంచెవి మామ దగ్గరే ఉంది. ఆ మాట చెబితే జిగ్నేష్ స్పీకర్‌ను చేతిలోకి తీసుకొని వెనక్కి తిప్పి చూశాడు. తర్వాత ఇంకో సంగతి తనే ఒప్పుకున్నాడు. అంత లోతు మోతను ఈ చిన్న స్పీకర్లు పలికించలేవట, వాటికి ఆ శక్తే లేదట. ఇక నేను తలుపవతల నుంచి విన్న రాగం ఆ రికార్డింగ్‌లో ఏమైపోయిందో అతన్ని అడగలేదు, నాకూ తెలియలేదు.

చలికాలంలో ఒక మనిషి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. పేరు సనాతన్, ఒడియా మనిషి, సూరత్‌లోనే బమ్రోలిలో ఉంటూ మగ్గాలు నడుపుతాడు. ఆస్పత్రిలో నరేష్ పక్క మంచం అతనిదేనట. ఆ వీడియో కాల్‌లో ఫోన్ పట్టుకున్నది తనేనని చెప్పాడు. నయమయ్యాక ఊరికి పోయి, మగ్గాల పనికి ఇప్పుడే తిరిగొచ్చాడు. సంచిలోంచి చిన్న గౌను తీశాడు. అటూ ఇటూ చూసి హిందీలో అడిగాడు.

"హేత్వి కహా హై?"

ఇంకా నేను పాప పేరు చెప్పలేదు, పాప లోపల నిద్రపోతోంది. అసలు పుట్టింది ఆడో మగో కూడా అతనికి తెలిసే దారి లేదు. నీకెలా తెలుసని అడిగితే ఆశ్చర్యపోయాడు. నరేష్ ఊపిరి అందినప్పుడల్లా ఆ పేరే చెప్పేవాడట, నా హేత్వి వస్తుంది, నా హేత్వికి పాట కట్టాను అని. ఇంట్లో మీకు తెలియదా అన్నాడు.

అతను పోయాక చాలాసేపు గడప మీదే కూర్చుండిపోయాను. ఇక ఇంట్లో ఎవరినీ అనుమానించడానికి లేదు. ఆ పేరు నరేష్ పెట్టిందే, మామ చెప్పింది నిజమే.

అప్పుడు నాకు భయం వేయలేదు. అసూయ వేసింది. చెప్పుకోవడానికి బాగుండదు గానీ, అసూయే. తొట్టెల రోజు నుంచి మామ ప్రతి సెలవు రోజూ చాయ్ తాగి వచ్చి ఆ గదిలో నిలబడేవాడు. నేను 'పాప' పెట్టేదాన్ని. ఆయన స్పీకర్ మీద చేయి పెట్టి, పెదవులు కదిపి, కళ్లు తుడుచుకొని పోయేవాడు. చెవులు లేని తండ్రికి వినిపించాడు. రెండు చెవులూ బాగున్న నేను ఆ గదిలోనే నిలబడి ఉంటే నాకు ఒక్క మాట లేదు. నేనేం పాపం చేశాను.

తర్వాతి సెలవు రోజున ఇక ఆగలేక అడిగేశాను. "మామా, నాకేమన్న చెప్పిండా?"

మామ నా మొహం వైపు చూశాడు. ఇన్నాళ్లూ నేను అడగలేదేమని ఎదురుచూసినట్టుగా చూశాడు. "అడిగి చెప్త, మల్ల వెట్టు" అన్నాడు. పెట్టాను. చేయి ఆనించి, కళ్లు మూసుకొని, పాట అయిపోయేదాకా కదల్లేదు. తర్వాత తనకు అర్థం కాని కబురు అప్పజెబుతున్నట్టు మెల్లగా చెప్పాడు.

"నీకు మల్ల జెప్పుడేంది అంటుండు. నీకు అప్పుడే పాడిండట గద. తలుపుకు ఒరిగి కూసుంటివట, ఉలుకు పలుకు లేకుంట. నువ్వు కూసున్నది వానికి ఎరుకేనట. మాటలుంటె వినుకుంట కూసుంటవని, గందుకే ఉత్త రాగం దీసిండట. నువ్వు జరసేపు పండుకుంటవని." ఆగి, నన్నే అడిగాడు. "ఏ తలుపు బిడ్డా?"

నేను ఆ తలుపు వైపు చూపించాను.

ఆ తలుపు దగ్గర కూర్చున్న సంగతి నేను ఎవరికీ చెప్పలేదు, మా అమ్మకు కూడా. చూసినవాళ్లూ లేరు. మామ కింద మూతపడ్డ కార్ఖానాలో ఉన్నాడు. ఇది ఎలా జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. దయ్యాలున్నాయని ఇప్పుడు కూడా అనను. బట్ట మీద తప్పు ఎక్కడున్నా పట్టుకుంటాను గానీ, దీన్ని ఎటు తిప్పి చూసినా నాకు ఏమీ దొరకలేదు.

'పాప' ఇంకా ఆ కంప్యూటర్‌లో ఉంది. నాకు ఇంకా వినిపించదు. హేత్వి నిద్రపోకుండా మారాం చేసినప్పుడు దాన్ని భుజాన వేసుకొని, తలుపవతల విన్న రాగాన్నే తీస్తాను. మాటలు లేకుండా, చివర్లో మెల్లగా దిగుతూ. మామ ఇంట్లో ఉంటే లేచి వచ్చి, పాప వీపు మీద అరచేయి పెట్టి నిలబడతాడు. నేను మధ్యలో ఏడ్చేస్తాను, గొంతు పోతుంది, ఎక్కడెక్కడో తెగుతుంది. నాకే తెలుస్తుంది.

"నూలు తెగలే బిడ్డా" అంటాడు మామ. "నడిపియ్యి."